తపస్సు మాను మీద తలనొప్పి

తొంభై ఎనిమిదో ఏడు ఉలవమిట్ట భారతంలో అర్జునుడు తాగి తపస్సు మాను ఎక్కాడని ఇప్పటికీ చెప్పుకునే వాళ్లున్నారు. వడమాలపేట బస్టాండులో అడిగినా చెబుతారు, పుత్తూరు పోయే బస్సులో అడిగినా చెబుతారు. ఒకరు బ్రాందీ అంటారు, ఇంకొకరు అరవదేశం నుంచి వచ్చిన సారాయి ప్యాకెట్టు అంటారు. వాసన తమ ముక్కుకే తగిలిందని ఒట్టు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. మాను ఎంత ఎత్తో, తాము ఎంత దూరాన కూర్చున్నారో అడిగితే మాత్రం మాట మారుస్తారు. ఆ మాట అబద్ధం. ఆదిమూలం ఆ రోజు పాలు, అరటిపండు తప్ప ఏదీ నోట పెట్టలేదు. ఇన్నేళ్లకు చెప్పినా ఎవరికీ నష్టం లేదు కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పుకోవచ్చు.

ఆదిమూలం వడమాలపేట పక్కనున్న ఉలవమిట్ట మనిషి. సన్నగా, పొడుగ్గా, నలభై దాటినా నడుం వంగకుండా ఉండేవాడు. ఆ ఊళ్లో ధర్మరాజుల గుడి ముందు ఏటా ఎండాకాలం భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. నాటకమాడే వాళ్లు పై ఊళ్ల నుంచి వచ్చినా, తపస్సు రోజు మాను ఎక్కే అర్జునుడు మాత్రం ఆదిమూలం ఇంటి మనిషే కావాలి. వాళ్ల తాత ఎక్కాడు, నాయన ఎక్కాడు, నాయనకు మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి ఆదిమూలం ఎక్కుతున్నాడు.

ఆ మాను ఎక్కడం చూసిన వాళ్లకు తెలుస్తుంది అదెంత పనో. ఎత్తయిన తాటిమాను మైదానంలో నిలబెట్టి, పొడుగునా కొయ్యమెట్లు కొట్టి, కొసన ఒక పలక కడతారు. అర్జునుడు ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఒక్కో పాట పాడుతూ, మిట్టమధ్యాహ్నం ఎండలో పైకి పోవాలి. పైన కూర్చుని తపస్సు చేసి, భుజాన ఉన్న సంచిలోంచి నిమ్మకాయలు, విభూతి పొట్లాలు కిందికి విసరాలి. పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో మాను చుట్టూ కాచుకుని ఉంటారు. కాయ ఎవరి కొంగులో పడితే వాళ్లింట ఉయ్యాల కడతారని నమ్మకం.

ఇంతటి మనిషికి బతుకుతెరువు కాఫీ హోటలు. మొదట్లో సేద్యమే. బావిలో నీళ్లు అడుగంటాక చెరకు వదిలేసి, కొన్నాళ్లు బెల్లం గానుగల్లో పని చేసి, చివరికి వడమాలపేట రోడ్డు మీద రేకుల పాక వేసి ఇత్తడి ఫిల్టరు పెట్టాడు. ఇడ్లీలు భార్య ప్రసన్నకుమారి చూసుకునేది. కాఫీ మాత్రం ఆయన చేతిదే. తిరుపతి నుంచి పుత్తూరు పోయే డ్రైవర్లు ఆ కాఫీ కోసమే బస్సు ఒక నిమిషం ఎక్కువ ఆపేవాళ్లు.

తొంభై ఎనిమిదిలో జరిగింది ఇదీ. తపస్సుకు రెండు రోజుల ముందు ఆదిమూలం కంకణం కట్టుకున్నాడు. అది కట్టాక పడక గుడిలోనే. పాలు, పండ్లు తప్ప ఇంకేదీ ముట్టకూడదు. తపస్సు రోజు మాను సగం ఎక్కేదాకా గొంతు బాగానే పలికింది. ఆ తర్వాత ఒక మెట్టు దగ్గర పాట ఆగిపోయింది. ఒక చేత్తో మాను పట్టుకుని రెండో చేత్తో తల పట్టుకున్నాడు. చూస్తుండగానే కక్కుకున్నాడు. కింద తడిబట్టలతో ఉన్న ఆడవాళ్లు పక్కకు జరిగారు. ఎట్లాగో పైకి పోయి, నాలుగు కాయలు విసిరి, తపస్సు చేయకుండానే దిగొచ్చాడు. మద్యనిషేధం ఎత్తేసి బ్రాందీ అంగళ్లు మళ్లీ తెరిచిన మరుసటి ఏడు అది. కక్కుకున్న మనిషిని చూసి జనం అనుకోవలసిందే అనుకున్నారు.

భారతం ముగిసిన వారానికి గుడి పెద్ద మునిరామయ్య పంచాయితీ పెట్టాడు. ఆడవాళ్లు ఒక పక్కగా కూర్చున్నారు. వాళ్లలో అందరికంటే ముందు దేవకమ్మ.

దేవకమ్మ ఆదిమూలం ఇంటికి ఎదురిల్లు. మనవళ్లను ఎత్తిన మనిషి. ఐదో తరగతి వరకు చదివింది కాబట్టి శనగలు కట్టిచ్చిన పేపరు ముక్క కూడా చదవకుండా పారేయదు. వీధిలో ఎవరింట్లో కొత్త చెంబు కనబడినా, ఎక్కడ కొన్నారో, పాతదానికి ఏమైందో తెలిసేదాకా ఆమెకు అన్నం సహించదు. అట్లాగని ఒకరి మాట ఇంకొకరికి మోసి కొంపలు కూల్చే రకం కాదు. ఆమెకు కావలసింది తెలుసుకోవడం, అంతే. కానుపులకూ, కొట్లాటలకూ, పెళ్లి మాటలకూ ఆ వీధి ఆమెనే పిలిచేది.

మునిరామయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏమప్పా ఆదిమూలం, మీ నాయన మానెక్కితే ఊరు ఊరంతా చేతులెత్తి మొక్కింది. నువ్వేమో ఊరి పరువు తీస్తివి. ఇంగేం చెప్తావు?"

ఆదిమూలం తల వంచుకుని నిలబడ్డాడు. "తప్పయిపోయింది మామా."

"తాగి మానెక్కనని గుళ్లో అమ్మ ముందర కర్పూరం ఆర్పు. వచ్చే ఏడు ఒక అవకాశం ఇస్తాం. మళ్లీ ఇట్లయితే మాత్రం అర్జునుడు మీ ఇంట్లో ఉండడు. ఆ వేషానికి గురప్ప కొడుకులు కాచుకోనుండారు."

ఆదిమూలం అమ్మ ముందరికి పోయాడు. అరచేతిలో వెలుగుతున్న కర్పూరాన్ని ఇంకో అరచేత్తో ఆర్పి, తాగి మాను ఎక్కనని ప్రమాణం చేశాడు. అమ్మయ్య అన్నట్టు ఆయన ముఖం తేలిక పడటం దేవకమ్మ ఒక్కతే చూసింది. చేయని తప్పు నెత్తిన వేస్తే మనిషి కస్సుమనాలి కదా. చేసి ఉంటే సిగ్గుపడాలి. ఈ మనిషి ఊపిరి పీల్చుకున్నాడేంది? ఆ ముడి విప్పుకోకపోతే దేవకమ్మకు నిద్ర పట్టదు.

మర్నాడు కొళాయి దగ్గర ప్రసన్నకుమారిని పట్టుకుంది.

"మే ప్రసన్నా, నిజం చెప్పు. మీ ఆయప్ప తాగినాడా?"

ప్రసన్నకుమారి బిందె కింద పెట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా ఆయన సంగతి నీకు తెలీదా వదినా. ఆ వాసనే పడదు ఆయనకి. తలకాయనొప్పి వదినా అది. నాలుగేండ్లుగా ఇంతే. కంకణం కట్టిన మర్నాడు మొదలవుతాది. తల రెండు పక్కలా దబదబా కొట్టుకుంటాదంట. కడుపులో తిప్పుతాది, ఒంట్లో శక్తి ఉండదు, పలకరిస్తే కసురుకుంటాడు. తపస్సయి ఇంటికొచ్చి కాస్త కాఫీ తాగి పడుకుంటే తెల్లారేసరికి ఏమీ ఉండదు. నిరుటి కంటే ఈ ఏడు జాస్తి."

"మరి పంచాయితీలో ఆ మాట చెప్పకపోతే ఎట్లా?"

"ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఎందుకంటే చెప్పడు. నీకు చెప్పినట్టు కూడా ఆయనకి తెలియకూడదు, నీకు దండం పెడతా. నాకేం భయమంటే వదినా, పేరు పోతే పోనీ, మళ్లీ అంతెత్తున ఉన్నప్పుడు ఆ నొప్పొచ్చి చెయ్యి జారితే? ఎక్కొద్దంటే వినడు. ఎక్కకపోతే బతికినట్టే ఉండదంట ఆయనకి."

అలా దేవకమ్మ కూడా మనవడి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. ఆదిమూలాన్ని అడగదు, ఆయన పేరు ఎత్తదు. కానీ పేరెత్తకుండా తలనొప్పి గురించి నలుగురినీ అడగకూడదని ఒట్టులో ఎక్కడా లేదు. మళ్లీ మాను ఎక్కడానికి ఏడాది గడువుంది. ఆ లోపల ఆ నొప్పేదో తేలితే మనిషీ నిలుస్తాడు, వేషమూ నిలుస్తుంది.

ఆమెకు తెలిసిన తలనొప్పి ఒకటే, తనది. అది వచ్చే ముందు కళ్ల ముందు మెరుపులు వంకరటింకరగా పోతాయి. తర్వాత తలలో ఒక్క పక్కనే, కణత దగ్గర, ఎవరో రోకలితో దంచినట్టు మొదలవుతుంది. వెలుతురు ఓర్చుకోలేదు, గిన్నె చప్పుడు తట్టుకోలేదు, తాలింపు వాసన వస్తే కక్కుకుంటుంది. తలుపులు మూసి చీకట్లో పడుకుంటే సాయంత్రానికో మర్నాటికో దిగుతుంది. ఒంటి తలనొప్పి అంటారు దాన్ని. తనకు నెలకొకసారి ఏదో ఒక రోజున వస్తుందే కానీ ఏటా ఒక్క కంకణం నాడే రాదు. ఆదిమూలానికి రెండు పక్కలా వస్తోంది. అది ఇది కాదు అనుకుంది.

మునిరామయ్య ఇంటికి చింతపండు అడగడానికి పోయి, మాటల్లో పెట్టి కదిలించింది.

"తలనొప్పా? నాకు లేంది ఎప్పుడు దేవకమ్మా," అన్నాడాయన. "భారతం దగ్గర పడితే సాలు. నెత్తికి తడిగుడ్డ చుట్టి బిగించినట్టుంటాది సూడు, అట్ల. మెడ నరాలు కూడా కట్టె మాదిరి అయిపోతాయి. కక్కూ గిక్కూ ఏముండదు, పని చేసుకుంటానే ఉంటా. పందిరోడూ మేళమోడూ ఎదురుగా వస్తే ఇంకొంచెం బిగుస్తాది. ఎవరికి నొప్పి?"

"మా చుట్టాల్లో ఒకాయనకిలే మామా."

"ఏ ఊరాయన?"

"దూరం ఊరు." అడగడమే కానీ అడిగించుకోవడం దేవకమ్మకు అలవాటు లేదు. చింతపండు మరచిపోయి వచ్చేసింది.

పొద్దుతో పాటు ఎక్కే నొప్పి సంగతి ప్రసన్నకుమారే చెప్పింది. ఏటా చలికాలం జలుబు చేస్తే ఆమెకది తప్పదు. ముక్కు దిబ్బడ వేసి, కనుబొమల మీదా చెంప ఎముకల మీదా బరువు పెట్టినట్టు ఉంటుంది. ముగ్గు వేయడానికి వంగితే ముఖంలోంచి ఏదో జారిపడబోతున్నట్టు నొప్పి. వాము పొగ పీలిస్తే కొంచెం తేలిక. "ఆయనకి జలుబు లేదు వదినా, వంగితే ఏమీ కాదు," అని తానే కొట్టేసింది.

ఇక మిగిలింది బడే సాహెబ్. దేవకమ్మ గోడకు ఆ పక్క ఇల్లు ఆయనది. దర్జీ. భారతం వేషాలకు అంగీలు, అంచులు, మెరుపు బిళ్లలు కుట్టేది ఆయనే. అర్జునుడి తలపాగా కూడా ఆయన చుట్టి కుట్టిందే.

"నాకు సాయంత్రం అయితే ఇక్కడ," అని రెండు కనుబొమల మధ్య వేలు పెట్టి చూపించాడు. "కళ్ల వెనకాల లాగేది. సూదిలో దారం ఎక్కించాలంటే కన్నీళ్లు వచ్చేవి. పొద్దున లేస్తే ఉండదు, మళ్లీ కుట్టు మీద కూర్చుంటే హాజరు. తిరుపతిలో అద్దాలు పెట్టించుకున్నా, పోయింది. మీ చుట్టానికి అద్దాలు పెట్టించండమ్మా."

"ఆయన కుట్టు పని చేయడు సాయిబూ. తలపాగా బిగువయితే నొప్పి వస్తాదా?"

"వస్తది, ఎందుకు రాదు. మీ చుట్టం తలపాగా కడతాడా?"

దేవకమ్మ నాలుక కరుచుకుంది. బడే సాహెబ్ ఆమెను ఒక చూపు చూసి, ఇంకేమీ అడగకుండా మిషను తొక్కడం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండా అర్జునుడి తలపాగాను విప్పి, లోపల మెత్తటి దూది పెట్టి, రెండు వేళ్ల వదులుగా మళ్లీ కుట్టాడు. కానీ నొప్పి తలపాగా పెట్టక ముందు రోజే మొదలవుతుందని దేవకమ్మకు తెలుసు.

ప్రసన్నకుమారి ఈలోపల మొగుణ్ణి తిరుపతిలో డాక్టరుకు చూపించి వచ్చింది. ఊళ్లో మాత్రం కొండకు పోయొస్తామని చెప్పారు. తిరిగొచ్చాక దేవకమ్మకు వంటింట్లో గుసగుసగా చెప్పింది.

"నిండా మంచోడు వదినా డాక్టరు. కళ్లలో లైటేసి చూసినాడు. మెడ వంచమన్నాడు, రెండు చేతులూ చాపమన్నాడు, గీత మీద నడిపించినాడు. పిడుగు పడినట్టు ఒక్కసారిగా ముందెప్పుడూ లేనంత నొప్పి వచ్చిందా, జ్వరంతో మెడ బిగుసుకుందా, చెయ్యి కాలు పడిపోయిందా, మాట తడబడిందా, చూపు మసకబారిందా అని అడిగినాడు. అట్లాంటివి ఏవి ఉన్నా ఒక్క గంట కూడా ఇంట్లో ఉండకుండా ఆస్పత్రికి రావాలంట. ఈయనకు ఒక్కటీ లేదు. రక్తపోటు కూడా సరిగ్గానే ఉండాది. ఇప్పుడు నొప్పి ఉందా అన్నాడు. లేదన్నాడు ఈయన. మరి ఉన్నప్పుడు రాప్పా, లేని నొప్పిని నేనెట్లా పట్టుకునేది అని నగినాడు."

"ఏం తింటాడో ఏం తాగుతాడో అడగలేదా?"

"అడిగినాడు. బీడీ లేదు, సారాయి లేదు, కాఫీ పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు అని చెప్పినాడు ఈయన."

అక్కడితో దారి మూసుకుపోయింది. దేవకమ్మకు తోచిందల్లా తోచినట్టు ప్రసన్నకుమారి చేసేది. శొంఠి అరగదీసి పట్టు వేసింది, నల్లదారం కట్టింది, దిష్టి తీసింది. నొప్పి లేని మనిషికి ఎన్ని చేస్తే ఏం లాభం? ఎండలు మళ్లీ వస్తాయి, మాను మళ్లీ నిలబడుతుంది.

ఆ ఏడు రంజాను చలికాలంలో పడింది. నెలవంకకు ఇంకా పదిరోజులుండగా ఒక పొద్దున దేవకమ్మ జల్లెడ అడగడానికి బడే సాహెబ్ ఇంటికి పోయింది. ఆయన భార్య ఫక్రున్నీసా మొగుడికి చాయ్ ఇస్తోంది. ఎప్పుడూ నిండు గ్లాసు తాగే మనిషి చేతిలో అర గ్లాసు ఉంది. అందులోనూ పాలే ఎక్కువ.

"ఏం ఫక్రున్నీసా, మొగుడికి చాయ్ కూడా కొలిచి పోస్తాండావా?"

ఫక్రున్నీసా నవ్వింది. "కొలవకపోతే రోజా మొదలైనాక నా తల తింటాడక్కా. ఈయనకు దినానికి ఎనిమిది చాయ్‌లు కావాల. రోజా ఉపవాసంలో పగలంతా చుక్క లేదు కదా. ముందు ఏండ్లల్లో మొదటి రెండు మూడు దినాలు తల పట్టుకుని గోడకు ఆనుకునేవాడు. దబదబా కొట్టుకుంటాది అనేవాడు, కడుపులో తిప్పేది, పిల్లలు నవ్వినా కోపం. సాయంత్రం రోజా విడిచి చాయ్ తాగితే అర్ధగంటలో మనిషి మనిషయ్యేవాడు. ఆకలికి అనుకున్నాం మేము. మా అత్త చెప్పింది, ఆకలి కాదే పిచ్చిదానా, చాయ్ అని. అప్పటినుంచి పది పదిహేను దినాల ముందే ఒక్కో గ్లాసు తగ్గించుకుంటా వస్తాం. ఇప్పుడు ఏ నొప్పీ లేదు."

జల్లెడ చేతిలో పట్టుకుని దేవకమ్మ అట్లాగే నిలబడిపోయింది. దబదబా కొట్టుకోవడం, కడుపులో తిప్పడం, కసురుకోవడం. ఇంటికొచ్చి కాస్త కాఫీ తాగి పడుకుంటే పోతుందన్న ప్రసన్నకుమారి మాట.

"కాఫీకి కూడా అట్లనే వస్తాదా?" అంది.

"చాయ్‌కే వస్తే కాఫీకి రాదా," అన్నాడు బడే సాహెబ్, గ్లాసులోంచి తల ఎత్తకుండానే. "మీ చుట్టం కాఫీ ఎన్నిసార్లు తాగుతాడు?"

"రెండే సార్లంట."

"రెండింటికి అంత నొప్పి రాదే."

అదీ నిజమే. దేవకమ్మకు మళ్లీ నీరుకారినట్టయింది. అయినా చూడకుండా వదలదు కదా. మర్నాడు తెల్లారక ముందే వడమాలపేట పోయి, హోటలు బల్ల మీద కూర్చుని, బస్సు కోసం కాచుకున్నట్టు నటించింది. బస్సులు వచ్చి పోతున్నాయి, ఆమె లేవలేదు. కళ్లు ఆదిమూలం చేతుల మీదే.

ఆదిమూలం ఫిల్టరు దించాడు. చిన్న గ్లాసులోకి చిక్కటి డికాషను కొంచెం ఒంపుకుని, నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, తల ఊపాడు. పాలు కలిపి మళ్లీ ఒక గుక్క. డ్రైవరుకు పోసే ముందు ఇంకో గుక్క. రెండో ఫిల్టరు దిగగానే మళ్లీ చిన్న గ్లాసు. మధ్యలో ఎవరో చేదుగా ఉందన్నారు, ఉందో లేదో చూడటానికి ఇంకోసారి. అన్నీ కలిపితే నాలుగు గ్లాసులకు తగ్గదు. అప్పటికి పూర్తిగా పొద్దెక్కను కూడా లేదు. ఆ తర్వాత పెద్ద గ్లాసు నిండా పోసుకుని, స్టూలు మీద కూర్చుని, "పొద్దుటి కాఫీ ఇప్పటికి దొరికింది," అనుకుంటూ తాగాడు.

డాక్టరుకు ఆయన అబద్ధం చెప్పలేదు. రుచి చూడటాన్ని తాగడం కింద లెక్క వేయలేదు, అంతే. వంట చేసే ఏ మనిషి వేస్తుంది కనుక? దేవకమ్మ కూడా పులుసు రుచి చూశాక అన్నం తిన్నానని ఏ రోజూ అనుకోలేదు. హోటలు పెట్టక ముందు ఈయన తాగింది అంబలి, మజ్జిగ. నొప్పి మొదలైంది హోటలు పెట్టినప్పటి నుంచి. కంకణం కట్టిన పూట నుంచి చుక్క డికాషను లేదు. ఇంకేముంది.

ఆ సాయంత్రమే ప్రసన్నకుమారికి చెప్పింది. ప్రసన్నకుమారి నమ్మలేదు. "కాఫీ లేకపోతే కక్కుకుంటారా ఎక్కడైనా?" అంది. నమ్మకపోయినా మొగుణ్ణి వెంటపెట్టుకుని మళ్లీ తిరుపతి పోయింది. డాక్టరు ఈసారి రుచి చూసే గుక్కలతో సహా అంతా అడిగి తెలుసుకున్నాడు. అలవాటైన కాఫీ ఉన్నట్టుండి మానేస్తే ఒకటి రెండు రోజుల్లో ఇదే రకం నొప్పి వస్తుందనీ, కొందరికి వాంతులు కూడా అవుతాయనీ, వింతేం లేదనీ చెప్పాడు. కంకణానికి రెండు మూడు వారాల ముందు నుంచి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రమ్మన్నాడు. పాలూ నీళ్లూ బాగా తాగమన్నాడు. అట్లా చేసినా నొప్పి వస్తే మాత్రం మాను ఎక్కొద్దన్నాడు. ఆ చివరి మాట దగ్గర ఆదిమూలం ముఖం వాడిపోయిందని ప్రసన్నకుమారి చెప్పింది.

ఎండలు ముదిరి, గుడి ముందు మానుకు గుంత తవ్వే రోజులు వచ్చాయి. ఆదిమూలం హోటల్లో రుచి చూసే పని భార్యకు అప్పగించాడు. ఆమెకు కాఫీ అంటే చక్కెర, పాలు. డికాషను నోట్లో వేసుకుని ఆముదం తాగినట్టు ముఖం పెట్టేది. డ్రైవర్లు గొణిగారు.

"ఏందప్పా ఇది, కాఫీ పోసినావా, కషాయం పోసినావా?"

"భారతం అయ్యేదాకా ఓర్చుకోండబ్బా," అనేవాడు ఆదిమూలం. చేతులు ఫిల్టరు వైపు పోయేవి, మళ్లీ వెనక్కి వచ్చేవి. మొదటి నాలుగు రోజులు మనిషి ముళ్లకంప మాదిరి ఉన్నాడు. ఉప్మాలో ఉప్పు లేదని ఒక రోజు, ఉందని ఒక రోజు అరిచాడు. తల కొంచెం బరువుగా ఉందన్నాడు కూడా. ఆ పైన సర్దుకుంది. పెద్ద గ్లాసు చిన్నదయింది, చిన్నది అర అయింది, అర కాస్తా పాలలో రంగు మారేటంత అయింది. కంకణం కట్టే పొద్దుకు అదీ లేదు.

కంకణం కట్టిన మర్నాడు ప్రసన్నకుమారి గుడికి పాలు పట్టుకుపోయింది. దేవకమ్మ గడప మీద కూర్చుని ఎదురు చూసింది. ఎందుకు గడప మీద కూర్చున్నావని కోడలు అడిగితే గాలికన్నది. గాలి ఆకు కూడా కదల్చడం లేదు. ప్రసన్నకుమారి చెంబు ఊపుకుంటూ వచ్చింది. దూరం నుంచే ఆ నడక చూసి దేవకమ్మకు సగం ప్రాణం లేచొచ్చింది.

"పాలు తాగి ఇంకా ఉండాయా అన్నాడు వదినా."

తపస్సు రోజు మైదానం నిండిపోయింది. నిరుడు జరిగింది మళ్లీ జరుగుతుందేమో చూద్దామని వచ్చిన వాళ్లే సగం మంది. గురప్ప కొడుకులు ముందు వరసలో కూర్చున్నారు. మాను చుట్టూ తడిబట్టల ఆడవాళ్లు మాత్రం నిరుటి కంటే తక్కువ. ఆదిమూలం గుడిలోంచి వచ్చాడు. విభూతి రేఖలు, రుద్రాక్షలు, బడే సాహెబ్ వదులు చేసిన తలపాగా. మానుకు మొక్కి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

దేవకమ్మ పాట వినలేదు. ఆయన చేతులే చూసింది. ఎక్కడ తల దగ్గరికి పోతాయోనని. నిరుడు ఆగిన మెట్టు వచ్చింది. ఆదిమూలం ఆగాడు. కింద జనం కూడా ఊపిరి ఆపారు. ప్రసన్నకుమారి దేవకమ్మ చెయ్యి పట్టుకుంది, గాజులు గుచ్చుకునేటంత గట్టిగా. పైన ఆయన చెమట తుడుచుకుని, గొంతు సర్దుకుని, వాళ్ల నాయన పాడినంత నిదానంగా ఆ మెట్టు పాట ఎత్తుకున్నాడు. తర్వాత మెట్టు. ఆ తర్వాత మెట్టు. పలక మీద కూర్చుని కళ్లు మూసుకుంటే ఎండలో ఒక కొంగ వాలినట్టు కనిపించాడు. సంచి ఖాళీ అయ్యేదాకా కాయలు విసిరాడు. దిగొచ్చిన మనిషికి మునిరామయ్య తానే ఎదురుపోయి తువ్వాలు కప్పాడు.

దేవకమ్మ కళ్లు తుడుచుకుంటూ జనంలో నడుస్తుంటే చుట్టూ మాటలు వినబడ్డాయి.

"చూసినావా, ఈ ఏడు తాగలే."

"కర్పూరం ఆర్పించినారు కదా. దెబ్బకు మానేసినాడు."

"అమ్మ మహిమ."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇంతా చేస్తే తాగుబోతు పేరు ఇంకా గట్టిపడింది. ఒట్టు గొంతులో అడ్డం పడింది కానీ లేకుంటే అక్కడే మానెక్కి అరిచి చెప్పేది. రాత్రి ప్రసన్నకుమారిని బతిమాలి ఆ ఒట్టు విడిపించుకుంది. తెల్లవారగానే హోటలుకు పోయింది.

ఆదిమూలం ఫిల్టరు ముందు నిలబడి ఉన్నాడు. ముఖం కడిగిన అద్దంలా ఉంది. ఆమెను చూడగానే గ్లాసు కడిగి కాఫీ కలిపి చేతికిచ్చాడు. తాను మాత్రం రుచి చూడలేదు.

"ఆదిమూలం, ఏడాదిగా ఊరంతటినీ అడిగినాను, నిన్ను తప్ప," అంది దేవకమ్మ. "ఇప్పుడు నిన్నే అడుగుతాండా. నీది తలనొప్పని నాకు తెలుసు. అది కాఫీ మానేస్తే వచ్చిందనీ తెలుసు."

"నీకు తెలుసని నాకు తెలుసులే అక్కా. సాయిబు తలపాగా ఊరికే వదులు చేసినాడా?"

"మరి నిరుడు పంచాయితీలో అంతమంది నిన్ను తాగుబోతంటే, తల వంచుకుని కర్పూరం ఆర్పితివే. నాకు తలనొప్పి వచ్చింది, తాగలేదు అని ఒక్క మాట అనేదానికి ఏమొచ్చింది నీకు?"

ఆదిమూలం పాలగిన్నె పక్కకు జరిపి, చేతులు తుడుచుకున్నాడు.

"తాగినోడికయితే ఒట్టేయించి వచ్చే ఏడు ఎక్కమంటారక్కా. తలకాయనొప్పి ఉండాది, పైన కళ్లు తిరుగుతాయి అంటే, నా మీది ప్రేమ కొద్దీ నన్ను జన్మలో మానెక్కనిచ్చేవాళ్లా, నువ్వు చెప్పు."